సహజ హంతక కణాలు: కోక్ ఓవెన్ కార్మికుని దరిచేరేదెప్పుడు?

భిలాయి పవర్ హౌస్ ప్రాంతంలోని తెలుగు కుటుంబాలలో అనేకానికి ఉక్కు కర్మాగారమే జీవనాధారం. కోక్ ఓవెన్ల ఉద్గారాలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారకాలని శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. క్యాన్సర్‌ను ఎదిరించే సహజ హంతక కణాలు మానవ శరీరంలోనే ఉన్నాయి. 1975లో స్వీడన్ పరిశోధకులు వీటికి ఆ పేరు పెట్టారు. ఆరోగ్యవంతమైన కణంపై ఉండవలసిన గుర్తు లోపించిందంటే చాలు, పెర్‌ఫోరిన్‌తో దాని పొరను ఛేదించి, గ్రాంజైములను లోనికి పంపి హతమారుస్తాయి.

అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రం దాతల బొడ్డుతాడు రక్తం నుంచి ఈ కణాలను తయారుచేసి లింఫ్ సంబంధ క్యాన్సర్ రోగులు 11 మందికి ఇవ్వగా 8 మందిలో ఫలితం కనిపించినట్లు 2020లో ప్రకటించింది. సంఖ్య స్వల్పమే. పైగా ఊపిరితిత్తులలోని గట్టి కణితులలోకి చొరబడటం ఈ కణాలకు ఇప్పటికీ కష్టసాధ్యమే. అయినా దాతల కణాలను ముందుగానే సిద్ధంచేసి నిల్వ ఉంచవచ్చు గనుక, రోగి సొంత కణాలతో చేసే చికిత్సకన్నా వ్యయం తగ్గే అవకాశముంది. లక్షలు వెచ్చించలేని కాంట్రాక్టు కార్మికునికి అసలు ప్రశ్న అదే.