కాపలావాడి జీతం

తమ అభిమాన వీడియోకారుడు చిన్న తయారీదారుల భయానక వీడియో ఆటల ప్రదర్శనకు వ్యాఖ్యాత అవుతున్నాడంటే చాలు, కుర్రకారు పండగ చేసుకుంటారు. "మనవాడు గెలిచాడు" అంటారు. ఈ ఉత్సాహం నక్కపల్లి దాకా వచ్చింది. మా తరగతి గదుల్లోనూ వుంది. అభ్యుదయవాదులమనుకునే మన మిత్రులు కొందరు దీన్ని చూసి ముక్కు చిట్లిస్తున్నారు. వారి లెక్కలో భయం పుట్టించేదంతా క్షుద్రసాహిత్యమే.

క్షుద్రసాహిత్యంతో మనం పోరాడిన మాట నిజమే. కాని "తులసిదళం" మీద రంగనాయకమ్మ ధ్వజమెత్తింది అందులో భయం వున్నందుకు కాదు, చేతబడికి శాస్త్రం పక్కన పీట వేసినందుకు. ఆ తేడా మరచి, ఆట ముఖమైనా చూడకుండా తీర్పు చెప్పేవాడు విమర్శకుడెలా అవుతాడు?

2014లో స్కాట్ కాథన్ దాదాపు ఒంటరిగా తయారుచేసిన "ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్" సంగతే చూడండి. అందులో ఆటగాడు పిజ్జా దుకాణానికి రాత్రి కాపలావాడు. పగలు పిల్లల్ని ఆడించే యంత్రపు బొమ్మలు రాత్రి లేచి తిరుగుతాయి. అతనికి కరెంటు కూడా కొలిచి ఇస్తారు. తెల్లవారకముందే అది అయిపోతే చావు దాదాపు ఖాయం. చస్తే యాజమాన్యం ఏం చేస్తుందో మొదటి రాత్రే ఫోనులో వినిపిస్తారు: 90 రోజుల్లోగా, లేదా నేల కడిగి తివాచీలు మార్చడం పూర్తి కాగానే, మనిషి కనబడటం లేదని ఫిర్యాదు ఇస్తారట! అయిదు రాత్రులు ప్రాణాలతో బయటపడితే చేతికొచ్చే చెక్కు 120 డాలర్లు. దెయ్యం కథ అన్నారు గదా, ఇందులో దెయ్యం ఎవరు? 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల కర్మాగారంలో 17 మంది చనిపోయిన జిల్లా మనది. ఇక్కడి కుర్రవాడికి ఈ కథను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అయినా అతనికి అందడం లేదు. ఎందుకంటే అతను ఆట ఆడటం లేదు, మరొకడు ఆడుతుంటే చూస్తున్నాడు. తెర మూలన వీడియోకారుడి ముఖం వుంటుంది. ఆ ముఖం కేక పెడుతుంది, చూసేవాడు పడిపడి నవ్వుతాడు. కాపలావాడూ అతని జీతమూ ఆ కేకలో కొట్టుకుపోతాయి. ప్రదర్శన వేదిక మీదా అంతే: వ్యాఖ్యాత పేరు ప్రతి నోటా వుంది, ఆటలు తయారుచేసినవాళ్ల పేర్లు ఒక్కటి చెప్పమంటే మా విద్యార్థులు మొహమొహాలు చూసుకున్నారు.

అభిమానులకు బలం లేదనను. 2022లో డేవిడ్ షిమాన్‌స్కీ చేసిన "ఐరన్ లంగ్" ఆటను మార్కిప్లయర్ అనే వీడియోకారుడు సొంత డబ్బుతో సినిమాగా తీసి 2026 జనవరిలో విడుదల చేశాడు. మా వూళ్లో వెయ్యండంటూ హాళ్ల వెంటపడి దాన్ని వేల తెరలకు ఎక్కించినవారు అభిమానులే. పెద్ద స్టూడియోలు చేయించుకునే ప్రచారమంతా వారు ఊరికే చేసిపెట్టారు. కటౌట్లకు పాలు పోసిన మన సినిమా అభిమానికి ఈ ఊరికే చాకిరీ కొత్త కాదు లెండి.

ఇక ఈ ఆటలకు తగిలించిన "స్వతంత్ర" అనే బిరుదు సంగతి. ఎవరినుంచి స్వాతంత్ర్యం? స్టీమ్ అంగడిలో ఆట అమ్మితే వంద రూపాయల్లో సాధారణంగా 30 అంగడివాడికి పోతాయి. యూట్యూబ్‌లో వీడియోకు వచ్చే ప్రకటనల రాబడిలో వందకు 45 యూట్యూబ్ వుంచుకుంటుంది. అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం దిమ్మెలు తోలుకెళ్లే రైతుకు ఈ లెక్క చెప్పి చూడండి. దళారిని వెంటనే గుర్తుపడతాడు, అతని వాటా విని నోరు తెరుస్తాడు. వ్యాఖ్యాత దళారి కాడు. వేలంలో పాట పాడేవాడు మాత్రమే, కాకపోతే గొంతు బాగుంది. జనం ఆ గొంతుకే దండలు వేస్తుంటే, తూకం రాయి ఎవరి చేతిలో వుందో చూసేవాడు లేడు.

పిల్లలకు బుద్ధులు చెప్పే ముందు ఉపాధ్యాయ మిత్రులు ఒక ఆట కొనుక్కుని చివరిదాకా ఆడాలి. నవలను విమర్శించినట్టు దాన్ని విమర్శించాలి, తయారుచేసినవాడి పేరుతో సహా. సినిమా మీద వ్యాసాలు వేసే మన పత్రికలకు వీడియో ఆట మీద ఒక్క పుట లేకపోవడమేమిటి?