కోటకు తోట ప్రాణం

ఫ్రాన్సు దేశం చూచి వచ్చిన మిత్రులు అక్కడి ద్రాక్షతోటల నడుమ ఉన్న కోటలను వర్ణించి, "మనకు అటువంటివి ఎక్కడున్నాయండీ?" అని నిట్టూరుస్తుంటారు. ఆ నిట్టూర్పు నాకు సమ్మతం కాదు.

వారు మెచ్చుకొనే కోటలలో మోంబజియాక్ ఒకటి. పదహారవ శతాబ్దపు ఆ కోటను 1960లో కొన్నది ఏ కోటీశ్వరుడో కాదు, అక్కడి ద్రాక్షరైతుల సహకార సంఘం. ఆసవం మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు సుమా! తోటను నమ్ముకొన్నవారే కోటను నిలబెట్టుకొన్నారన్నదే గ్రహించవలసిన విషయం.

మా నెమలి ఉన్న జిల్లాలోనే కొండపల్లి దుర్గం ఉంది. పద్నాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించినది. గజపతుల నుండి శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకొన్నది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి ధారపోసిన నాలుగు సర్కారులలో కొండపల్లి సర్కారూ ఒకటి. ఫ్రెంచి ఏలుబడి చూచిన కోట మన ముంగిటనే ఉండగా, ఈ నిట్టూర్పు ఎందుకు?

ద్రాక్షతోట లేదంటారా? తెల్లపొణికి ఉంది. తేలికైన ఆ కర్రను ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తేనే దశావతారాలూ అంబారీ ఏనుగూ మన బొమ్మల కొలువుకు వచ్చాయి. ద్రాక్ష మోంబజియాక్‌కు ఎటువంటిదో, పొణికి కొండపల్లికి అటువంటిది.

ఉద్యోగకాలంలో నేను పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడల్లా రాజుల పేర్లు వల్లించేవారే గాని, పొణికి చెట్టును గుర్తుపట్టినవారు లేరు. తప్పు పిల్లలది కాదు. మనం కోటను పురావస్తుశాఖకూ, చెట్టును అటవీశాఖకూ, బొమ్మను హస్తకళల సంస్థకూ పంచి ఇచ్చాము. మూడింటినీ కలిపి చూచే కన్ను ఒక్కటీ లేదు. అభివృద్ధి అంటే మాత్రం రంగురంగుల దీపాలు గుర్తుకు వస్తాయి! దీపకాంతిలో గోడ మెరుస్తుంది; కర్ర దొరకని కళాకారుని ఇల్లు చీకటిగానే ఉంటుంది.

"చెట్టు ఎదగడానికి ఏళ్ళు పడుతుంది" అంటారు. ద్రాక్షతీగ మాత్రం నాటిన రేపే కాస్తుందా? అందుకే ఈ పని నేడే మొదలు కావాలి. కోట చుట్టూ పొణికి నాటాలి. ఆ వనం పోషణలోను, కోట రాబడిలోను బొమ్మల కళాకారుల సహకార సంఘానికి భాగం ఉండాలి. విహారయాత్రకు వచ్చిన ప్రతి బడి పిల్లలూ ఒక మొక్కకు నీరు పోసి వెళ్ళాలి.

కట్టినవాని పేరు శాసనంలో ఉంటే కోట చరిత్ర అవుతుంది. దాని నీడలో నేటికీ ఒకరి పొయ్యి వెలిగితేనే అది బ్రతికి ఉన్నట్లు.