పేరు దాచుకున్న గది

గత వేసవి సెలవులకు మా తమ్ముడు సకుటుంబంగా బెంగుళూరు నుంచి బిలాస్‌పూర్ వచ్చాడు. పన్నెండేళ్ళ మేనల్లుడు తన సంచిలో బట్టలకంటె ముందు వీడియో గేము యంత్రాన్ని సర్దుకుని తెచ్చుకున్నాడు. వచ్చిన సాయంత్రమే దానిని టీవీకి తగిలించి, "అత్తా, నువ్వూ నాన్నా చిన్నప్పుడు ఆడిన ఆటలు ఇందులో ఉన్నాయి. రా, ఆడుదాం" అన్నాడు. అనువాదం చేస్తూ ఉన్న కాగితాలను పక్కకు నెట్టి వెళ్ళి కూర్చున్నాను. తెరమీద 'కాంట్రా' ప్రత్యక్షమైంది. ముప్ఫై ఏళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగినవి.

మా బాల్యం ఇక్కడి రైల్వే కాలనీలో గడిచింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉద్యోగాలకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాది ఒకటి. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడలేదు. ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 1990ల తొలినాళ్ళలో బుధవారీ బజారు సమీపాన ఒక దుకాణంలో గంటల లెక్కన వీడియో గేము ఆడనిచ్చేవారు. జపానులో నింటెండో కంపెనీ 1983లో విడుదల చేసిన 'ఫామికామ్' యంత్రానికి అవి అనుమతి లేని నకళ్ళు. అనుమతి పొంది 'సమురాయ్' పేరుతో వచ్చిన యంత్రం కూడా మన దేశంలో అమ్మేవారు గాని, దానిని కొనే స్తోమత మా ఇంట లేదు. దుకాణంలోని కాసెట్ మీద '9999 ఆటలు' అని వ్రాసి ఉండేది. లోపల ఉన్నవి పదో పదిహేనో. తక్కినవన్నీ పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ ఆటలే.

కాంట్రాలో ఆటగానికి మూడే ప్రాణాలు. అయితే ఆట మొదలు కాకముందే మీటలను పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఆపైన ఎడమ, కుడి, ఎడమ, కుడి, చివరకు బి, ఏ అని నొక్కితే ముప్ఫై ప్రాణాలు లభించేవి. ఈ మంత్రాన్ని మాకు ఉపదేశించినవాడు పక్క క్వార్టరులోని బెంగాలీ పిల్లవాడు. అతనికి ఖరగ్‌పూర్‌లో ఉండే పెద్దనాన్న కొడుకు చెప్పాడట. ఎవరూ పుస్తకంలో చదవలేదు. చాటుపద్యంలాగా నోటి నుంచి నోటికి, రైలుదారి వెంట మా ఊరు చేరింది. దీనికి కర్త ఎవరని మేము ఏనాడూ అడగలేదు.

కర్త ఉన్నాడు. ఆయన పేరు కజుహిసా హషిమోతో. జపానులోని కొనామీ కంపెనీలో ఉద్యోగి. 1986లో 'గ్రేడియస్' అనే ఆటను ఇంటి యంత్రానికి మార్చుతూ, అది తనకే కొరుకుడు పడనందువల్ల, పరీక్షించే సౌలభ్యం కోసం ఆ మీటల వరుసను పెట్టుకున్నాడు. విడుదలకు ముందు దానిని తీసివేయలేదు. తరువాత అది కంపెనీవారి ఇతర ఆటలలోకి కూడా ప్రవేశించింది. ఆయన 2020లో మరణించినప్పుడు ఆ వార్త చదివి, ఇన్నేళ్ళకు మా మంత్రానికి ఋషి ఎవరో తెలుసుకున్నాను.

పాత ఆటలను సంపుటాలుగా కూర్చి నేటి యంత్రాలకు విడుదల చేయటం ఇప్పుడొక గణనీయమైన వ్యాపారం. కొనామీవారు 2019లో కాంట్రా ఆటల సంపుటాన్ని తెచ్చారు. అమెరికాకు చెందిన అటారీ కంపెనీ యాభై ఏళ్ళ పండుగ సందర్భంగా 2022లో 'అటారీ 50' అనే సంపుటం వెలువడింది. అందులో నూరుకు పైగా ఆటలున్నవి. మా మేనల్లుని వద్ద ఈ రెండూ ఉన్నవి.

ఈ సంపుటాలు పనిచేసే తీరు నావంటి వృత్తివారికి ఆసక్తి కలిగిస్తుంది. పాత యంత్రానిది ఒక భాష, కొత్త యంత్రానిది మరొక భాష. నడుమ 'ఎమ్యులేటర్' అనే దుబాసీ కూర్చుని, పాత ఆట ఇచ్చే ఆజ్ఞలను అప్పటికప్పుడు కొత్త యంత్రానికి తెలిసే భాషలో చెబుతుంది. ఏ అనువాదంలోనైనా కొంత జారిపోతుంది, ఇందులోనూ అంతే. బాతులను కాల్చే 'డక్ హంట్' ఆటను మీలో కొందరు ఆడే ఉంటారు. మీట నొక్కిన క్షణాన తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని వెలుగు మెరిసేది. తుపాకీ ఆ వెలుగును పసిగట్టేది. పాత గాజుబుడ్డి టీవీ బొమ్మను ఏ క్షణాన గీస్తుందన్న లెక్కమీద ఈ ఏర్పాటు ఆధారపడినందున, బొమ్మను ఆలస్యంగా చూపే నేటి పలుచని టీవీల ముందు ఆ తుపాకీ పనిచేయదు.

మన పూర్వులకు ఈ శ్రమ కొత్తది కాదు. తాళపత్రం శిథిలమయ్యేలోగా మరొక ఆకుమీదికి ఎక్కించకపోతే కావ్యం నశించేది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను నియమించి, గ్రంథాలకు ప్రతులు వ్రాయించి, పాఠాలను సరిపోల్చి చూపించాడు కాబట్టి ఎన్నో కావ్యాలు మనకు దక్కినవి. ఎవరి కంటా పడనివి చెదల పాలైనవి. వీడియో గేముల చరిత్రను భద్రపరిచే ఒక అమెరికా సంస్థ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు అంగట్లో దొరకవు. సంపుటాలకు ఎక్కుతున్నవి గిరాకీ ఉన్నవి మాత్రమే.

అయితే ప్రతి తీసినంత మాత్రాన గ్రంథం దక్కినట్లు కాదు. మా దుకాణంలోని కాసెట్ కూడా ఒక సంపుటమే! అందులో ఆట ఉన్నది. చేసినవాని ఊసు లేదు. కంపెనీ పేరును సైతం చెరిపివేసిన నకళ్ళు ఉండేవి. మంచి సంపుటానికీ ఆ కాసెట్‌కూ గల భేదం ఆటల సంఖ్యలో లేదు, పీఠికలో ఉన్నది. అటారీ సంపుటంలో ఆటలతోపాటు నాటి ప్రకటనలు, కాగితాలు, ఆ ఆటలు కల్పించినవారితో జరిపిన ముఖాముఖీలు కాలక్రమంలో పేర్చి ఉన్నవి. ఈ పని ఆ కంపెనీ ఆటలకే జరగటంలో ఒక వింత ఉన్నది. ఎందుకంటే ఒకప్పుడు ఆటలు తయారుచేసినవారి పేర్లు ప్రకటించరాదన్నది అక్కడి నియమం.

ఆ నియమం సహించలేక నలుగురు నిపుణులు బయటకు వచ్చి, 1979లో యాక్టివిజన్ అనే కంపెనీ స్థాపనలో పాలుపంచుకున్నారు. తమ ఆటలపై కర్తల పేర్లు ప్రకటించారు. వారెన్ రాబినెట్ అనే యువకుడు మాత్రం వేరొక ఉపాయం పన్నాడు. 1980లో విడుదలైన తన 'అడ్వెంచర్' ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్యపు గది కట్టాడు. నేపథ్యపు రంగులో కలిసిపోయే ఒక చుక్కను వెతికి, తగిన చోటికి మోసుకుపోతే గోడ దారి ఇస్తుంది. లోపల ఆటను చేసినవాడు తానేనని పేరుతో సహా వ్రాసి ఉంటుంది. ఒక బాలుడు దానిని కనిపెట్టి ఉత్తరం వ్రాసేదాకా కంపెనీకి ఈ సంగతి తెలియదు. అప్పటికి రాబినెట్ ఉద్యోగం మాని వెళ్ళిపోయాడు.

మా మేనల్లుడు రెండు రోజులు పట్టుదలగా వెతికి ఆ గదిలోకి ప్రవేశించాడు. మిణుకుమిణుకుమంటున్న ఆ పేరును నాకు చూపుతూ, "పేరు వేయటానికి ఇంత కష్టపడాలా అత్తా?" అన్నాడు.

వానికి ఏమి చెప్పను? కొన్నేళ్ళ క్రితం నేను రెండేళ్ళు శ్రమించి తెలుగు చేసిన ఒక నవల పునర్ముద్రణ పొందినప్పుడు, అట్టమీద సరే, లోపలి పుటలో కూడా నా పేరు లేదు. పొరపాటై ఉంటుందని సరిపెట్టుకున్నాను. అడిగితే అల్పంగా ఉంటుందనుకున్నాను. మా నాన్నగారు ఇక్కడి యార్డులో వ్యాగన్లను పరీక్షించి, సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. మొదటి వానకే అది చెరిగిపోయేది. పనివాడు కనిపించకుండా ఉండటమే గొప్ప అన్న నమ్మకంలో పెరిగినదానను.

ఈ సంగతి విని మేనల్లుడు కాసేపు ఆలోచించి, "పోనీ, నువ్వు కూడా ఆ పుస్తకంలో ఎక్కడైనా నీ పేరు దాచావా?" అని అడిగాడు. మా తమ్ముడు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాన్నగారి సుద్ద గుర్తు చెరిగినా, యార్డు రిజిస్టరులో ఆయన సంతకం ఉండేది. ఏ వ్యాగనుకైనా దారిలో ప్రమాదం జరిగితే, దానిని పరీక్షించినది ఎవరని ఆ పుటలు తిరగవేసేవారు. పేరు ఉండటం గొప్ప కోసమే కాదు. ఆ పనికి నేను బాధ్యుడిననటానికి కూడా.

ఆ రాత్రి అందరూ నిద్రించిన తరువాత ప్రచురణకర్తకు ఉత్తరం వ్రాశాను. తదుపరి ముద్రణలో అనువాదకురాలి పేరు వేయవలసినదని నాలుగే వాక్యాలు. ఇంతవరకు జవాబు రాలేదు. ఉత్తరం నకలు మాత్రం నా వద్ద భద్రంగా ఉన్నది. అడుగున నా సంతకం ఉన్నది.