జల్లెడలో నిలవని దూలగొండి

దూలగొండి కాయ ఒంటికి తగిలితే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. ఆ నూగుకాయలోని గింజల నుంచి మద్రాసు శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి 1937లో లెవోడోపాను వేరుచేశారు. 1960ల్లో అదే పదార్థం పార్కిన్సన్స్ వ్యాధికి ప్రధాన ఔషధమైంది. అప్పటికి ఈ పనికి కంప్యూటర్ల సాయం లేదు.

ఇప్పుడు మొక్కల్లో మందుల వెతుకులాట కంప్యూటర్ తెర మీద మొదలవుతోంది. చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థ రూపొందించిన ‘ఇంపాట్’ భాండాగారంలో 4,010 భారతీయ ఔషధ మొక్కలు, వాటిలోని 17,967 రసాయనాల వివరాలున్నాయి. అన్నిటినీ ప్రయోగశాలలో పరీక్షించాలంటే ఏళ్లు, కోట్లు కావాలి. అందుకే ‘డాకింగ్’ అనే కంప్యూటర్ పద్ధతి. పార్కిన్సన్స్ రోగుల మెదడులో తగ్గిపోయే డోపమైన్‌ను విరగ్గొట్టే ఎంఏఓ-బి ఎంజైమ్‌నే తీసుకుంటే, దాని త్రిమితీయ ఆకృతి 2002 నాటికే తెలిసింది. అందులోని గుంటను తాళం అనుకుంటే, మొక్కల రసాయనాలు ఒక్కొక్కటీ ఒక తాళంచెవి. ఏది ఎంత బిగువుగా అమరుతుందో కంప్యూటర్ లెక్కగట్టి మార్కులిస్తుంది. తర్వాత మెదడులోకి చేరగలదా, విషమా అన్న వడపోతలుంటాయి. పార్కిన్సన్స్‌కు వాడే సెలెజిలిన్, రసాజిలిన్ మాత్రలు ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి కనుక గురి తప్పేమీ కాదు.

చిక్కల్లా మార్కుల దగ్గరే.

లెవోడోపానే ఈ పరీక్షకు కూర్చోబెట్టి చూడండి. అది ఏ తాళంలోనూ ఇరుక్కుని పనిచేసేది కాదు. మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. పైగా అణువు ధ్రువ ఉపరితలం 90 చదరపు ఆంగ్‌స్ట్రాములు దాటితే మెదడు గడప దాటలేదని ఒక వాడుక లెక్క. లెవోడోపాది 100కు పైనే. అమైనో ఆమ్లాలను మోసుకెళ్లే వాహకం ఎక్కి అది లోపలికి పోతుందన్న సంగతి ఆ లెక్కకు పట్టదు. అంటే అసలైన మందే మొదటి జల్లెడలో రాలిపోతుంది! మరోవైపు పసుపులోని కర్కుమిన్ కథ తలకిందులు. ప్రయోగశాల పరీక్షల్లో అది తప్పుడు సంకేతాలిచ్చి మురిపిస్తుందని, రోగుల మీద రుజువు కాలేదని 2017లో ఔషధ రసాయనవేత్తల సమీక్ష ఒకటి తేల్చిచెప్పింది.

అయినా కణాల మీద, ఎలుకల మీద ప్రయోగమే లేకుండా డాకింగ్ మార్కులతోనే ‘ఆశాజనకం’ అని ముగిసే పరిశోధన పత్రాలకు లోటు లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

మొక్కదైతే హాని లేదన్న నమ్మకమూ నిలవదు. డెర్రిస్ వేళ్లలో దొరికే రోటెనోన్‌ను ఎలుకలకు ఎక్కిస్తే పార్కిన్సన్స్ లక్షణాలే వచ్చాయని 2000లో అమెరికాలో గ్రీనమైర్ బృందం చూపింది. కరీబియన్ దీవి గ్వాడెలోప్‌లో లక్ష్మణఫలం ఎక్కువగా తినేవారికీ, అక్కడి అసాధారణ వణుకుడు జబ్బుకూ సంబంధం ఉందని 1999 నుంచే వైద్యులు అనుమానిస్తున్నారు.

దూలగొండి మాత్రం మనుషుల మీద పరీక్షలకు నిలిచింది. 2004లో లండన్‌లో 8 మంది రోగుల మీద జరిపిన చిన్న అధ్యయనంలో 30 గ్రాముల గింజల పొడి మామూలు లెవోడోపా మాత్ర కన్నా త్వరగా పనిచేసింది. అలాగని పొడి కొని వాడేయకూడదు. అందులో ఉన్నదీ మాత్రలో ఉన్న లెవోడోపాయే; రెండూ కలిస్తే మోతాదు మించి ఒళ్లు మెలితిరిగే కదలికలు, వాంతులు రావచ్చు. మీ ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవారు ఎవరైనా దూలగొండి పొడి వాడుతుంటే, ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆ డబ్బా వెంట తీసుకెళ్లి నరాల డాక్టరుకు చూపించండి.