పచ్చ బొమ్మ, పచ్చి అబద్ధం



తెలుగు నేర్చుకునే మనలాంటి వాళ్ళకు 'పచ్చ' అనే మాట కొంచెం చిక్కు పెడుతుంది. ఆకుపచ్చ ఒక రంగు, పసుపుపచ్చ ఇంకో రంగు. పచ్చగా ఉండమని పెద్దలు దీవిస్తారు. చివర తలకట్టు తీసి గుడి పెడితే 'పచ్చి' అవుతుంది. పచ్చి మిరపకాయ, పచ్చి పాలు, పచ్చి అబద్ధం. ఈ రోజు నేను రాసేది ఆ చివరి మాట గురించి. మన మలేషియా దుకాణాల్లో నూనె సీసాల మీద, బిస్కెట్ పొట్లాల మీద కనిపించే ఆకుపచ్చ బొమ్మల గురించి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆకు బొమ్మ చూసి సరుకు కొన్నంత మాత్రాన ఏ అడవీ మిగలదు. పామాయిల్ మానేసినంత మాత్రాన పుణ్యం రాదు. ఎవరు చెప్పారు, ఏమని చెప్పారు, ఎవరు వెళ్ళి చూశారు అని అడగకుండా ఎక్కువ డబ్బు పెట్టి కొంటే, మనకు దొరికేది కాస్త మనశ్శాంతి మాత్రమే.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా గుడిలో అన్నదానానికి వాడే నూనె మార్చాలని ఈ మధ్య ఒక ప్రతిపాదన వచ్చింది. నేను అక్కడ సేవ చేస్తాను, వంటగది సరుకుల లెక్క చూస్తాను. అడిగిన పిల్లలు మంచి మనసుతోనే అడిగారు. పామాయిల్ కోసం అడవులు నరుకుతున్నారు, ఒరాంగుటాన్లు చస్తున్నాయి, కాబట్టి గుడిలో ఆ నూనె వద్దు, బయటి దేశం నుంచి వచ్చే పొద్దుతిరుగుడు నూనె కొందాం అన్నారు. ఆ సీసా మీద ఒక ఆకు ఉంది. ఆకు చుట్టూ భూమికి మేలు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. ధర మాత్రం మనం వాడే నూనెకు కొన్ని రెట్లు.

వాళ్ళ బాధ నిజమైనదే. బోర్నియోలో అడవులు పోయిన మాట నిజం. బురద అడవుల నేల ఎండబెట్టి తగలబెడితే వచ్చే పొగను మనమందరం పీల్చాం. 2015లో ఆ పొగ వల్ల ఇక్కడ బళ్ళు మూసేశారు. కానీ వాళ్ళు చెప్పిన మందు ఆ జబ్బుకు పని చేయదు.

లెక్క చూడండి. ఒక హెక్టారు పామాయిల్ తోట ఏడాదికి సుమారు మూడు, నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. అదే హెక్టారులో పొద్దుతిరుగుడు గానీ ఆవజాతి గింజలు గానీ వేస్తే సాధారణంగా ఒక టన్ను కూడా రాదు. సోయా అయితే అర టన్ను దగ్గర ఆగిపోతుంది. ప్రపంచంలో నూనె పంటలు వేసే నేలలో పామాయిల్‌కు పోయేది పదో వంతు కంటే తక్కువ. వచ్చే నూనెలో మాత్రం మూడో వంతుకు పైగా అదే. రేపు అందరూ పామాయిల్ మానేస్తే నూనె అవసరం తగ్గిపోదు కదా? అంత నూనె వేరే గింజల నుంచి తీయాలంటే ఇంకా చాలా నేల కావాలి. ఆ నేల ఎక్కడి నుంచి వస్తుంది? సోయా కోసం బ్రెజిల్‌లో అడవులు, గడ్డిభూములు ఇప్పటికే దున్నారు. పొద్దుతిరుగుడు సీసా మీద ఉన్న ఆకు ఈ సంగతి చెప్పదు.

బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న మన బంధువులు అక్కడి పొట్లాల మీద 'పామాయిల్ లేదు' అని రాసి ఉంటుందని చెబుతారు. మన ప్రభుత్వం 2022లో అలాంటి మాటలు రాసి ఇక్కడ అమ్మకూడదని ఉత్తర్వు తెచ్చింది. నాకు ఆ మాటా నచ్చలేదు, ఈ నిషేధమూ నచ్చలేదు. నోరు మూయించడం జవాబు కాదు. అయితే ఆ మాటలో ఉన్న లోటు ఏమిటో మనం తెలుసుకోవాలి. పొట్లంలో ఏమి లేదో అది చెబుతుంది. ఏమి ఉందో, అది ఎలాంటి నేలలో పండిందో, ఎవరు కోశారో చెప్పదు.

'కొలెస్ట్రాల్ లేదు' అనేది కూడా ఇలాంటిదే. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలో ఉంటుంది. గింజల నూనెలో ఉన్నా లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి వంటనూనె సీసా మీద ఆ మాట రాయడం, కొబ్బరికాయ మీద 'ఇందులో మాంసం లేదు' అని రాసినట్టు. అబద్ధం కాదు, కానీ మనల్ని మోసం చేస్తుంది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు ఉంటుందనే అవసరమైన సంగతి వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇప్పుడు గుర్తుల సంగతి. అన్నీ ఒకటి కావు.

మొదటిది, కంపెనీ తన ఇంట్లో తానే గీసుకున్న ఆకు. దీన్ని ఎవరూ పరీక్షించలేదు. ఐఎస్ఓ 14021 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కంపెనీలు తమ సరుకు గురించి తామే పర్యావరణం పేరుతో చెప్పుకునే మాటలు ఎలా ఉండాలో అది చెబుతుంది. 'పర్యావరణానికి మిత్రుడు', 'గ్రీన్' లాంటి కొలత లేని మాటలు వాడకూడదని అందులో ఉంది. అయినా వాడుతూనే ఉన్నారు, ఎందుకంటే మనం అడగము.

రెండోది, ఆర్‌ఎస్‌పీఓ గుర్తు. ఈ సంస్థ 2004లో మొదలైంది, దాని కార్యాలయం మన కౌలాలంపూర్‌లోనే ఉంది. కంపెనీలు, బ్యాంకులు, పర్యావరణ సంఘాలు అందులో సభ్యులు. బయటి తనిఖీదారులు తోటకు వెళ్ళి చూస్తారు కాబట్టి ఇది ఆకు బొమ్మ కంటే చాలా నయం. కానీ ఇక్కడ కూడా చిన్న అక్షరాలు చదవాలి. ఆ గుర్తు మీద 'సర్టిఫైడ్' అని ఉంటే ఒక అర్థం, 'మిక్స్‌డ్' అని ఉంటే ఇంకో అర్థం.

గుడి ఉదాహరణతో చెబుతాను. పది మంది భక్తులు పది బస్తాల బియ్యం తెచ్చారనుకోండి. అందులో మూడు బస్తాలు మందులు వేయకుండా పండించినవి. మూడింటినీ విడిగా ఉంచి, విడిగా వండి వడ్డిస్తే అది 'సర్టిఫైడ్'. పది బస్తాలూ ఒకే డబ్బాలో పోసి, మూడు బస్తాల మేరకు మాత్రం మంచి బియ్యం అని లెక్కలో రాసుకుంటే అది 'మిక్స్‌డ్'. మీ ఆకులో పడిన అన్నం ఏ బియ్యమో ఎవరూ చెప్పలేరు. ఇంకో పద్ధతి కూడా ఉంది. మంచి బియ్యం మన గుడికి రానే రాదు. ఎక్కడో పండించిన రైతుకు మనం కొంత డబ్బు పంపి, ఆ మేరకు పేరు మనం చెప్పుకుంటాం. ఇవేవీ దొంగ పద్ధతులు కావు. మంచిగా పండించిన వాడికి కొంత డబ్బు చేరుతుంది. కానీ 'నా చేతిలో ఉన్న నూనె అడవి నరకని తోట నుంచి వచ్చింది' అని అనుకుంటే మాత్రం అది మన ఊహ.

మూడోది, ఎంఎస్‌పీఓ. ఇది మన ప్రభుత్వానిది. 2015లో ఇష్టమైన వాళ్ళకు అని మొదలై, 2020 నుంచి అందరికీ తప్పనిసరి అయింది. మంచిదే. కానీ అందరికీ తప్పనిసరి అయిన గుర్తు ఒక బ్రాండును ఇంకో బ్రాండు నుంచి వేరు చేయదు. బండి నడిపేవాడి దగ్గర లైసెన్సు ఉన్నట్టే. ఉండాలి. ఉన్నంత మాత్రాన మంచి డ్రైవరు అని దండ వేయము.

ఇక్కడ నాకు కోపం తెప్పించే అసలు విషయానికి వస్తాను. ఈ దేశంలో పామాయిల్‌ను వ్యాపారానికి మొదట నాటింది 1917లో, సెలాంగోర్‌లోని తెన్నమారం ఎస్టేటులో. తర్వాత 1960ల నుంచి రబ్బరు తోటలు ఒక్కొక్కటే పామాయిల్‌కు మారాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి వైపు నుంచి వచ్చిన మన పెద్దలు ఈ తోటల్లో పని చేశారు. పొడుగు కర్రకు కట్టిన కొడవలితో మెడ పైకెత్తి గెల కోయాలి. ఒక్కో గెల పదిహేను, ఇరవై కిలోలు, నిండా ముళ్ళు. రాలిన పండ్లు వంగి ఏరాలి. ఆ కూలితోనే చాలా కుటుంబాలు పిల్లల్ని చదివించాయి, గుళ్ళకు చందాలు ఇచ్చాయి. ఇప్పుడు ఆ మనవళ్ళే పామాయిల్ అంటే ముఖం తిప్పుకుంటున్నారు.

ఈ రోజు ఆ కొడవలి పట్టుకున్నది ఎక్కువగా ఇండోనేషియా, బంగ్లాదేశ్, నేపాల్, ఇండియా నుంచి వచ్చిన వాళ్ళు. ఒకప్పుడు మన వాళ్ళు కంగాణీ దగ్గర అప్పుతో వచ్చినట్టే, వీళ్ళలో చాలామంది ఏజెంటు దగ్గర అప్పుతో వస్తారు. 2020లో అమెరికా కస్టమ్స్ శాఖ రెండు పెద్ద మలేషియా కంపెనీల పామాయిల్‌ను తమ దేశంలోకి రాకుండా ఆపింది. కారణం అడవి కాదు. కూలీల చేత బలవంతపు పని చేయిస్తున్నారనే సూచనలు కనిపించాయి. ఆ రెండు కంపెనీలూ ఆర్‌ఎస్‌పీఓ సభ్యులే. నూనె మార్చమని అడిగిన పిల్లల్లో ఎవరూ ఈ కూలీల మాట ఎత్తలేదు. ఆకు బొమ్మలో ఆకు ఉంది, ఆ ఆకు కోసిన చెయ్యి లేదు.

ఇంకో మాట. ప్రభుత్వ రాయితీతో రెండున్నర రింగ్గిట్‌కు దొరికే కిలో నూనె పొట్లం మీద ఆకు బొమ్మ ఉండదు. అది కొనే ఇల్లాలు భూమికి ద్రోహం చేస్తోందా? డబ్బున్న వాళ్ళు మాత్రమే కొనగలిగే పుణ్యం మీద నాకు నమ్మకం లేదు. భగవంతుడి దగ్గర వరుసలో అందరూ ఒకటే అని చెప్పే చోట అసలే లేదు.

ఆంధ్రలో ఉన్న మన వాళ్ళను కూడా ఒకసారి తలచుకోండి. ఇండియాలో పామాయిల్ ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. గోదావరి జిల్లాల రైతులు ఎక్కువగా పాత పొలాల్లోనే, నీళ్ళు పెట్టి ఈ తోటలు వేశారు. అక్కడ అడగాల్సిన ప్రశ్న నీళ్ళ గురించి. బోర్నియోలో అడగాల్సింది అడవి గురించి. చెట్టు ఒకటే, ప్రశ్న వేరు. 'పామాయిల్ చెడ్డది' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు ఏ ప్రశ్నా అడగడు.

అయితే గుర్తులన్నీ వదిలేద్దామా? వద్దు. పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు మనకు అన్నీ మోసంగా కనిపించకూడదు. చదవడం నేర్చుకుందాం. పొట్లం చేతిలోకి తీసుకున్నప్పుడు మూడు ప్రశ్నలు చాలు.

ఒకటి, ఈ మాట చెప్పింది ఎవరు? కంపెనీయా, బయటి వాళ్ళా?

రెండు, దేని గురించి చెప్పారు? అడవి గురించా, మందుల గురించా, కూలీల గురించా, లేక ఖాళీ డబ్బా గురించా? ప్లాస్టిక్ డబ్బా కింద బాణాల త్రికోణంలో ఉన్న అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో మాత్రమే చెబుతుంది.

మూడు, సరిచూసుకోవడానికి నంబరు ఉందా? ఆర్‌ఎస్‌పీఓ గుర్తు పక్కన లైసెన్సు నంబరు ఉంటుంది. మన వ్యవసాయ శాఖ ఇచ్చే మైఆర్గానిక్, ఇండియా నుంచి వచ్చే పప్పుల మీద కనిపించే జైవిక్ భారత్, వీటి వెనుక కూడా ఒక పద్ధతి, ఒక తనిఖీ ఉన్నాయి. ఉత్త ఆకు వెనుక ఏమీ లేదు.

గుడి వంటగదికి నేను చెప్పేది ఇదే. పామాయిల్ మానవద్దు. 'సర్టిఫైడ్' అని ఉన్న స్థానిక నూనె దొరికితే అది కొనండి. దొరకకపోతే ఎందుకు లేదని అమ్మేవాడిని అడగండి, కంపెనీకి ఉత్తరం రాయండి, అందులో కూలీల పాస్‌పోర్టులు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా అడగండి. వడలు, అప్పడాలు కొంచెం తగ్గించండి. వాడిన నూనె కాలువలో పోయకుండా, సేకరించే వాళ్ళకు ఇవ్వండి. వడ్డించేటప్పుడు అడిగి వడ్డించండి. ఆకుల్లో మిగిలిపోయి పారేసే అన్నం ఏ నేలలో పండినా దండగే. ఖరీదైన సీసాకు పెట్టాలనుకున్న డబ్బుతో ఇంకో యాభై మందికి భోజనం పెట్టండి.

నేను బడిలో చదివింది అంతా ఇంగ్లీషే. తెలుగు అక్షరాలు పెద్ద వయసులో ఒక్కొక్కటి కూడబలుక్కుని నేర్చుకున్నాను. మీలో చాలామంది అలాగే నేర్చుకుంటున్నారు. అలా నేర్చుకునేవాళ్ళకు ఒక మంచి అలవాటు ఉంటుంది. ప్రతి అక్షరం దగ్గర ఆగుతాం, తెలియని మాట ఉంటే అడుగుతాం. దుకాణంలో కూడా ఆ అలవాటు వదలవద్దు. బొమ్మ చూసి తృప్తి పడేవాడికి అక్షరాలతో పని ఏముంది?

ఈ వారం పని: మీ ఇంట్లో ఆకు బొమ్మ ఉన్న ఒక పొట్లం తీయండి. దాని మీద ఉన్న మాటలన్నీ తెలుగులో రాయండి. వాటిలో ఎన్నింటికి ఎవరైనా పూచీ పడ్డారో లెక్కపెట్టి నాకు చెప్పండి.