స్వపక్షాన్నీ ప్రశ్నించిన గళం

అవినీతిని నిందించని రాజకీయ నాయకుడు ఏ దేశంలోనూ కానరాడు. అయితే ఆ నింద సాధారణంగా ప్రత్యర్థుల వాకిటి వరకే సాగి, అక్కడే ఆగిపోతుంది. స్వపక్షంవారి దోషాలను సైతం అదే తక్కెడలో తూచగలవారు బహు అరుదు. అట్టివారిలో పోర్చుగల్ దేశానికి చెందిన ఆనా గోమెస్ ఒకరు.

1954లో లిస్బన్ నగరంలో జన్మించిన గోమెస్ న్యాయశాస్త్రం అభ్యసించారు. ఆనాడు ఆ దేశం నియంతృత్వం క్రింద ఉండేది. విద్యార్థి దశలోనే ఆమె ఆ పాలనను ఎదిరించారు. 1974లో నియంతృత్వం కూలిపోయింది. 1980లో ఆమె దౌత్యసేవలో ప్రవేశించారు. 1999లో తూర్పు తైమూరు ప్రజలు స్వాతంత్ర్యం కోరి ఓటు వేసిన సంక్షుభిత కాలంలో, జకార్తాలో పోర్చుగల్ ప్రతినిధిగా ఆమె నిర్వహించిన పాత్ర స్వదేశంలో కీర్తి తెచ్చింది.

2004 నుండి 2019 వరకు ఆమె సోషలిస్టు పార్టీ పక్షాన యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు. పనామా పత్రాలు వెల్లడైన పిమ్మట పన్ను ఎగవేతలపై ఆ పార్లమెంటు నియమించిన విచారణ సంఘానికి ఉపాధ్యక్షులలో ఒకరుగా వ్యవహరించారు. 5 లక్షల యూరోల స్థిరాస్తి కొన్న విదేశీయులకు నివాసానుమతి నిచ్చే ‘గోల్డెన్ వీసా’ పద్ధతిని పోర్చుగల్ 2012లో ప్రవేశపెట్టింది. అది అక్రమ ధనానికి తలుపులు తెరుస్తుందని గోమెస్ హెచ్చరించారు. 2015లో అధికారానికి వచ్చిన తన పార్టీ ప్రభుత్వమే దానిని కొనసాగించినా ఆమె వెనుదీయలేదు. చివరకు 2023లో, ఇళ్ల ధరల భారం ప్రధాన కారణంగా, స్థిరాస్తి కొనుగోలు ద్వారా అనుమతి పొందే మార్గాన్ని రద్దు చేశారు.

అంతకన్న కఠినమైన పరీక్ష మరొకటి ఎదురైంది. సోషలిస్టు పార్టీకే చెందిన మాజీ ప్రధాని జోసె సోక్రటీస్ 2014లో అవినీతి ఆరోపణలపై అరెస్టయ్యారు. ఆ ఆరోపణలను ఆయన అంగీకరించలేదు. నేరనిర్ణయం న్యాయస్థానానిదే అయినా, పార్టీ మౌనం వీడి ఆత్మపరీక్ష చేసుకోవాలని 2018లో గోమెస్ కోరారు. 2021 అధ్యక్ష ఎన్నికలలో ఆమె పోటీ చేసినప్పుడు పార్టీ అధికారికంగా బలపరచలేదు. అయినను దాదాపు 13 శాతం ఓట్లతో ద్వితీయ స్థానం పొందారు.

ఆమె వాదనలన్నీ నిర్వివాదాలు కావు. ఫుట్‌బాల్ రంగపు రహస్య పత్రాలను బయటపెట్టిన రుయి పింటోను ఆమె గట్టిగా సమర్థించారు. ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడిన నేరానికి 2023లో లిస్బన్ న్యాయస్థానం అతనికి 4 సంవత్సరాల శిక్ష విధించి, దాని అమలును నిలిపివేసింది. పరుల లేఖలను దొంగిలించడం ధర్మం కాదు. అలాగని ఆ లేఖలలోని నేరాన్ని ఉపేక్షించడమూ ధర్మం కాదు. సత్యం చెప్పదలచినవారికి చట్టమే సురక్షితమైన మార్గం చూపినప్పుడు ఈ సంకటం కొంతవరకు తొలగుతుంది. అక్రమాలను వెల్లడించే ఉద్యోగులకు రక్షణ కల్పిస్తూ యూరోపియన్ యూనియన్ 2019లో ఆదేశం జారీ చేయడం ఈ దిశలో సముచితమైన చర్య.

గోమెస్ అధ్యక్ష పదవిని పొందలేదు. పదవులనే కొలమానంగా గ్రహిస్తే ఆమెది అసంపూర్ణ విజయమే. కాని అవినీతిపై పోరాటానికి ప్రజలలో విశ్వాసం కలగాలంటే, పోరాడేవారు ముందుగా తమవారిని ప్రశ్నించాలి. మిత్రుని తప్పును కప్పిపుచ్చి శత్రువు తప్పును మాత్రమే చాటితే అది నీతి అనిపించుకోదు. రేపటి పౌరులైన విద్యార్థులు ఈ జీవితం నుండి గ్రహించవలసిన విషయం ఇదే.