గ్రంథం చెప్పినది, కన్ను చూచినది

ఐరోపా సాంస్కృతిక పునరుజ్జీవనం అనగానే మన విద్యార్థులకు చిత్రలేఖనం, శిల్పం, నౌకాయానం స్ఫురిస్తాయి. ఆ యుగంలో వైద్యశాస్త్రం సాధించిన ప్రగతి వీటికి ఏమాత్రమూ తీసిపోదు. ఆ ప్రగతికి మూలం క్రొత్త ఔషధాలు కావు. ప్రామాణిక గ్రంథాన్ని గౌరవిస్తూనే, మానవ దేహాన్ని స్వయంగా పరిశీలించి చూచిన సాహసం.

క్రీ.శ. రెండవ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గేలెన్ మాట వెయ్యేండ్లకు పైగా వైద్యులకు ప్రమాణమై నిలిచింది. ఆయన మహామేధావి. కాని ఆయన ప్రధానంగా కోతులు, పందులు మొదలైన జంతువులను కోసి చూచి, ఆ జ్ఞానాన్ని మనిషికి అన్వయించాడు. మనిషి క్రింది దవడ రెండు ఎముకల కూర్పు అన్నది ఆయన బోధ. తరువాతి విశ్వవిద్యాలయాలలో ఆచార్యుడు ఉన్నతపీఠం మీద గ్రంథం చదువుతూ ఉంటే, క్రింద మరొకడు శవాన్ని కోసేవాడు. రెంటికీ పొంతన కుదరనప్పుడు గ్రంథానిదే పైచేయి.

1537లో ఇటలీలోని పాడువాలో ఆచార్యుడైన ఆండ్రియాస్ వెసేలియస్ ఆ పీఠం దిగి, తానే కత్తి చేపట్టాడు. 1543లో, ఇరవై ఎనిమిదేండ్ల వయస్సులో, మానవ దేహనిర్మాణంపై సచిత్ర బృహద్గ్రంథాన్ని ముద్రింపజేశాడు. దవడ ఒకే ఎముక అని అందులో నిరూపించాడు.

ఆ కాలంలోనే తుపాకి గాయాలు విషపూరితాలని తలచి, వాటిని సలసల కాగిన నూనెతో కాల్చేవారు. ఫ్రెంచి సైన్యంలోని శస్త్రవైద్యుడు ఆంబ్రాజ్ పారే వద్ద ఒకనాడు నూనె నిండుకొన్నది. గుడ్డుసొన, గులాబి తైలం, టర్పెంటైను కలిపి గాయాలకు పూశాడు. మరునాటి ఉదయం చూడగా పూతవేసినవారు కుదుటపడ్డారు. నూనెతో కాల్చినవారు జ్వరంతో, వాపుతో బాధపడుతున్నారు. లాటిను రాని ఆ వైద్యుడు తాను చూచినదానిని 1545లో తన మాతృభాషలోనే ప్రకటించాడు.

ఇవన్నీ మన పూర్వులకు ముందే తెలుసునని మనలో కొందరు గర్వంగా అంటారు. అందులో సత్యం లేకపోలేదు. 1200 ప్రాంతంలో ఈజిప్టును కరవు పీడించినప్పుడు అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ కుప్పలు పడిన అస్థిపంజరాలను పరిశీలించి, దవడ ఒకే ఎముక అని వ్రాశాడు. రక్తం ఊపిరితిత్తుల ద్వారా గుండె ఎడమభాగానికి చేరుతుందని ఇబ్న్ అల్ నఫీస్ పదమూడవ శతాబ్దంలోనే చెప్పాడు. అయినా వైద్యపాఠం నాడు మారలేదు. చేతివ్రాత ప్రతులలోని సత్యానికి ముద్రణాయంత్రపు తోడు లేదు. తిరిగి పరీక్షించి చూచే శిష్యపరంపర బలపడలేదు.

కనుక పూర్వుల పేర్లు వల్లించినంత మాత్రాన మనం వారికి వారసులం కాము. వల్లించడమన్నది వారు విడిచిన మార్గం. పరిశీలించడమన్నది వారు నడచిన మార్గం. ప్రయోగశాలలో తనకు వచ్చిన ఫలితాన్ని కొట్టివేసి, పుస్తకంలోని అంకెను రికార్డులో వ్రాసుకొనే విద్యార్థి నేటికీ ఆ ఉన్నతపీఠం ముందే కూర్చుని ఉన్నాడు. మార్కులకు వెరచి అతనికి ఆ అలవాటు నేర్పుతున్న మేమూ, అధ్యాపకులం, ఆ పీఠం మీదనే ఉన్నాము. ముందుగా దిగవలసినది మేమే.